శనివారం డాక్యుమెంటరీ: హాలు ఇవ్వబోమంటున్నారు, ఏం చేద్దాం?

ఇప్స్విచ్ అక్క, బుధవారం రాత్రి 9:40
హాలు వాళ్ల మెయిల్ ఇప్పుడే వచ్చింది. రాజకీయ కార్యక్రమాలకు ఇవ్వరట. మన సినిమా ఇక్కడ ఆస్ట్రేలియాలో వలసలను వ్యతిరేకించే నాయకురాలు పౌలిన్ హాన్సన్ గురించి కదా, ఆవిడ పేరు చూసి వెనక్కి తగ్గినట్టున్నారు. అడ్వాన్స్ 400 డాలర్లు తిరిగి రావడానికి పది రోజులట. సమోసాలు, కుర్చీల లిస్టు తర్వాత చూద్దాం, ముందు ఇది తేల్చండి.

కరీంనగర్ అన్న, 9:52
ఫోన్ చేసి మాట్లాడాను. ఇది ప్రచారం కాదు, 2016లో ఎస్‌బీఎస్ టీవీలో వచ్చిన డాక్యుమెంటరీ అని చెప్పినా వినలేదు. ఇంకో హాలు చూద్దామంటే ఖాతాలో 160 డాలర్లే ఉన్నాయి.

ఒంగోలు బాబాయ్, 10:05
నేను ముందే వద్దన్నాను. ఆవిడ గొడవ మనకెందుకు? పిల్లల చేత పాటలు పాడించి, భోంచేసి వెళ్దాం. రేపు మాట పడేది అసోసియేషనే.

సన్నీబ్యాంక్ తమ్ముడు, 10:11
మనకెందుకు అంటే ఎలా బాబాయ్? 2025 ఆగస్టు 31న వలసలకు వ్యతిరేకంగా జరిగిన ర్యాలీల కరపత్రంలో ఇండియన్ల పేరే పెట్టారు. ఆ సోమవారం ఆఫీసులో ఒకాయన "మీ దేశానికి ఎప్పుడు వెళ్తావ్" అని నన్నడిగాడు. ఈ మాటలు ఎక్కడ మొదలయ్యాయో తెలుసుకోవాలనే కదా ఈ సినిమా అనుకున్నాం. భయమున్నవాళ్లు రాకండి.

కరీంనగర్ అన్న, 10:14
తమ్ముడూ, పెద్దాయనతో అట్లా మాట్లాడతారా?

ఇప్స్విచ్ అక్క, 10:20
ఇద్దరూ ఆగండి. హాన్సన్ చేపలు, చిప్స్ కొట్టు నడిపింది మా ఊళ్లోనే. మా పక్కింటి పెద్దావిడ ఇప్పటికీ ఆవిడ పార్టీకే ఓటేస్తారు. నాకు జ్వరమొస్తే సూప్ తెచ్చిచ్చేదీ ఆ పెద్దావిడే. ఇదేమిటమ్మా అని మా అమ్మాయి అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మాట్లాడుకోవడం మానొద్దు.

ఒంగోలు బాబాయ్, 10:48
భయమే, నిజం. 1996 సెప్టెంబరు 10న ఆసియా వాళ్లు ఈ దేశాన్ని ముంచెత్తుతారని ఆవిడ పార్లమెంటులో అన్నారు. అప్పటికి నేను వచ్చి ఏడు నెలలు. ఆ వారమంతా బస్సులో నా పక్క సీటు ఖాళీ. 1998లో మన క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఎన్నికల్లో ఆవిడ పార్టీకి 11 సీట్లు వచ్చిన రాత్రి మీ పిన్ని అటక మీది సూట్‌కేసులు దించింది. 2016లో సెనేట్‌కు వచ్చి, అదే మాట ముస్లింల మీద అన్నారు. మా వీధిలోని హైదరాబాద్ వాళ్లింటికి వెళ్లి కాసేపు కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు. ఇవేవీ మా పిల్లలకు చెప్పలేదు.

సన్నీబ్యాంక్ తమ్ముడు, 10:55
తప్పుగా మాట్లాడాను బాబాయ్, క్షమించండి. శనివారం ఇదంతా మీరే చెప్పాలి.

ఒంగోలు బాబాయ్, గురువారం ఉదయం 6:20
మా పెరట్లో పెట్టుకోండి. పాతికమంది పడతారు. మీ పిన్ని తెల్ల దుప్పటి ఉతికి ఆరేసింది. పులిహోర తనే కలుపుతానంది. కుర్చీలు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. అమ్మా, మీ పక్కింటావిడనూ పిలువు.

కరీంనగర్ అన్న, 7:05
ప్రొజెక్టర్ నాది తెస్తాను. ప్రదర్శన అనుమతిలో చిరునామా మార్చమని రాశాను, జవాబు రావాలి. సినిమాకు ముందు, ఈ దేశంలోకి వలసలను అడ్డుకున్న 1901 చట్టం గురించి రెండు మాటలు చెప్తాను. అధికారి తనకు నచ్చిన యూరప్ భాషలో 50 మాటల డిక్టేషన్ చెప్పి, అది రాయలేదని వద్దనుకున్నవాళ్లను అలా ఆపేసేవాడు. పిల్లలకు అది తెలియాలి.

ఇప్స్విచ్ అక్క, 7:30
పక్కింటావిడను అడిగాను. ఆలోచించి చెప్తానన్నారు. ఒక కుర్చీ ఎక్కువ తెస్తాను.

సన్నీబ్యాంక్ తమ్ముడు, 7:34
చీకటి పడితేగానీ దుప్పటి మీద బొమ్మ కనపడదు. అందరూ ఆరున్నరకు రండి. నేను నాలుగింటికే వచ్చి తాడు కడతాను బాబాయ్.