అగ్నిమాపక సిబ్బందికి క్యాన్సర్ పరీక్షలు: ప్రభుత్వ ఖర్చుతో ఏవి, ఎంతవరకు?

పొగమసి:
2022 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ, మంటలార్పే ఉద్యోగాన్నే క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గమది. 2007లో ‘క్యాన్సర్ రావచ్చు’ అని మాత్రమే అంది. మంటల్లోకి పంపేది ప్రభుత్వమే కదా. అందుకే ప్రతి ఒక్కరికీ ఏటా ఒంటి నిండా స్కాన్, ట్యూమర్ మార్కర్లు (రక్తంలో క్యాన్సర్ జాడ వెతికే పరీక్షలు) అన్నీ ఖజానా ఖర్చుతో చేయించాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సూక్ష్మదర్శిని:
ఖర్చు ఖజానాదే అన్నంతవరకు మీతోనే ఉన్నానండీ. ‘అన్నీ’ అన్నచోటే పేచీ. మొదటి వర్గం అంటే ఆధారం గట్టిదని అర్థం, ప్రమాదం పొగాకంత పెద్దదని కాదు. ఐఏఆర్‌సీ తగినంత ఆధారం ఉందన్నది రెండింటికే: మీసోథీలియోమా (ఊపిరితిత్తులు, పొట్ట లాంటి అవయవాల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్), మూత్రాశయ క్యాన్సర్. పెద్దపేగు, ప్రోస్టేట్, వృషణాలు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్, నాన్-హాడ్‌కిన్ లింఫోమా అనే శోషరస వ్యవస్థ క్యాన్సర్‌లకు ఉన్నది పరిమిత ఆధారమే. చిక్కేమిటంటే, గట్టి ఆధారం ఉన్న ఆ రెండింటినీ ముందే పట్టుకుంటే ప్రాణాలు నిలుస్తాయని చూపిన స్క్రీనింగ్ (లక్షణాలు లేనివాళ్లకు ముందుగానే చేసే పరీక్ష) ఇంతవరకు లేదు. మూత్రంలో కంటికి కనిపించని రక్తం ఉందని స్ట్రిప్ చెప్పినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. అయినా మూత్రనాళంలోంచి గొట్టం పంపి చూడాల్సి వస్తుంది.

దక్షిణ కొరియాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ మెడకు అల్ట్రాసౌండ్ మామూలైపోయాక, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. వేలమంది గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. ‘ఒంటి నిండా స్కాన్’ అంటే నాకు భయం అందుకే.

పద్దుపుస్తకం:
డబ్బు నిజంగా ఫలితమిచ్చేది పెద్దపేగు క్యాన్సర్ దగ్గర. మలంలో రక్తం కనిపెట్టే ఫిట్ పరీక్షకు ఏడాదికి ఒక్క నమూనా చాలు, ముందు పత్యం అక్కర్లేదు. పుల్లతో మలం పైభాగాన్ని నాలుగైదు చోట్ల గీకి సీసాలో ముంచి మూత బిగిస్తే సరి. ఆ సీసా రోజుల తరబడి వేడిలో పడి ఉంటే హిమోగ్లోబిన్ విరిగిపోయి, జబ్బున్నా లేదని వస్తుంది. స్టేషన్‌లో పెట్టె పెట్టి వారానికోసారి తీసుకెళ్లే ఏర్పాటు పనికిరాదు, ఏ రోజువి ఆ రోజే ల్యాబ్‌కు చేరాలి.

బడ్జెట్లలో పదేపదే జరిగే తప్పు ఇంకోటుంది. ఫిట్‌కు డబ్బిస్తారు, తేడా వచ్చినవాళ్లకు చేయాల్సిన కొలనోస్కోపీకి (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఇవ్వరు. రెండో మెట్టు లేకపోతే మొదటిదానితో ప్రయోజనం సున్నా. కొలనోస్కోపీ ఖర్చులో ముందురోజు పేగు శుభ్రం చేసుకునే మందు, మత్తు, తీసిన పాలిప్‌కు (పేగు లోపల పెరిగిన చిన్న కండ) పాథాలజీ పరీక్ష, రెండు రోజుల జీతంతో సెలవు అన్నీ కలిపి లెక్కెయ్యాలి.

పొగమసి:
పద్దుపుస్తకం గారూ, ఈ మాట ఒప్పుకుంటాను. వయసు సంగతేమిటి? మామూలు జనానికే అమెరికా నిపుణుల బృందం 2021లో పెద్దపేగు పరీక్షల ఆరంభ వయసును 50 నుంచి 45కు దించింది. మనవాళ్లకు ఇంకా ముందే మొదలుపెట్టాలి. ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌కు అదే బృందం పెట్టిన షరతు 50 నుంచి 80 ఏళ్ల వయసు, 20 ప్యాక్-ఇయర్ల సిగరెట్ (రోజుకో ప్యాకెట్ చొప్పున 20 ఏళ్లు తాగినంత). ముప్పై ఏళ్లు పొగలో పనిచేసి సిగరెట్ ముట్టనివాడికి ఆ లెక్కలో చోటే లేదు! పైగా మంచి ఆరోగ్యంతో, దృఢంగా ఉన్నవాళ్లనే ఉద్యోగంలోకి తీసుకుంటారు కాబట్టి, సాధారణ జనంతో పోల్చినప్పుడు వీళ్ల ప్రమాదం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

సూక్ష్మదర్శిని:
ఆ చివరి మాట నిజం, చాలామంది మరిచిపోయేది కూడా. కానీ సీటీతో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో తేల్చిన ట్రయల్ బాగా సిగరెట్ తాగినవాళ్ల మీద చేసింది. తాగనివాళ్లలో ఎక్కువగా దొరికేవి అపాయం లేని చిన్న గడ్డలు. వాటికోసం మళ్లీ మళ్లీ సీటీలు, ఒక్కోసారి సూది బయాప్సీ, దానితో ఊపిరితిత్తి కుంగే ముప్పు. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష విషయమూ అంతే, డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాకే చేయించుకోవాలి, ప్యాకేజీలో కలిపేయకూడదు.

నిచ్చెన:
మీరంతా వదిలేసినవి రెండున్నాయి. మీసోథీలియోమా ఆస్బెస్టాస్ తగిలిన 20 నుంచి 50 ఏళ్లకు బయటపడుతుంది, మిగతా క్యాన్సర్లూ ఎక్కువగా పెద్దవయసులోనే వస్తాయి. పదవీ విరమణతో ఆగిపోయే పథకం అసలు వయసులో చెయ్యి వదిలేస్తున్నట్టే. రెండోది, ఫలితం నేరుగా పై అధికారి బల్ల మీదికి వెళ్తుందంటే పరీక్షకు ఎవరూ రారు, డ్యూటీ పోతుందని భయం. రిపోర్టు డాక్టర్‌కూ ఆ మనిషికీ మధ్యే ఉండాలి. శాఖకు ‘పనికి తగును’ లేదా ‘తగదు’ అన్న ఒక్క ముక్క చాలు.

ఇంకో మాట. మంట ఆరాక శిథిలాలు కెలికేటప్పుడు పొగ కనిపించడం లేదని మాస్కు తీసేస్తారు, విషవాయువులు, సన్నటి ధూళి అప్పటికీ అక్కడే ఉంటాయి. ఘటనాస్థలంలోనే కోటును సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి కడిగితే, దాని మీది పీఏహెచ్ (మసిలో ఉండే, కొన్ని క్యాన్సర్ తెచ్చే) రసాయనాలు సుమారు 85 శాతం పోయాయని 2017 నాటి అధ్యయనం. పొడి బ్రష్‌తో పోయింది 23 శాతమే. మసి ఎక్కువగా చేరే మెడను తుడుపు గుడ్డతో తుడిస్తే అక్కడిది సగానికి పైగా తగ్గింది. ఒక బకెట్, సబ్బు, తుడుపు గుడ్డలు, ఒక్కొక్కరికి రెండో జత కోటు, అంతే. రెండో జత లేకపోతే తడి కోటుతో తర్వాతి కాల్‌కు వెళ్లలేరు కాబట్టి ఎవరూ కడగరు. స్కాన్లకు అడిగే డబ్బులో ముందు ఆ రెండో జత కొనమని అడగండి.

పొగమసి:
ఒంటి నిండా స్కాన్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. 40 నుంచే ఫిట్, రిటైరైనవాళ్లకూ అదే, రెండో జత కోటు. ఈ మూడింటిలో ఒక్కటీ వదలను.