సియాటెల్ నుంచి స్నోక్వాల్మీ: మొదటిసారి స్కీయింగ్, ఒక్క రోజు ప్లాన్ ఎలా వేసుకోవాలి?

ఈస్ట్‌సైడ్_వాన అడిగారు:

బెల్‌వ్యూలో ఉంటాం. జనవరి నెలాఖరులో ఒక రోజు సమ్మిట్ ఎట్ స్నోక్వాల్మీ స్కీ రిసార్ట్‌కి వెళ్ళాలని ఉంది. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య గారు (ఇద్దరూ 60 దాటినవాళ్ళే). ఎవరికీ స్కీయింగ్ రాదు. కారు ఫ్రంట్ వీల్ డ్రైవ్ సెడాన్, ఆల్ సీజన్ టైర్లు. ఏ రోజు వెళ్తే మంచిది? టైర్లకి వేసే మంచు చెయిన్లు నిజంగా కావాలా? సామాను కింద రెంట్‌కి తీసుకోవాలా, కొండ మీదా? పెద్దవాళ్ళకి అక్కడ ఏం ఉంటుంది?

పాస్‌రిపోర్ట్90 జవాబు:

టికెట్ల సంగతి తర్వాత, ముందు రోడ్డూ వాతావరణం చూసుకోండి. స్నోక్వాల్మీలో రోజు పాడైతే నూటికి తొంభై సార్లు కారణం ఈ రెండే.

దూరం తక్కువే. ఐ-90 ఎగ్జిట్ నంబర్లంటే మైళ్ళే కాబట్టి లెక్క సులువు: బెల్‌వ్యూ దగ్గర ఎక్కితే 11, సమ్మిట్ వెస్ట్‌కి దిగేది 52, అంటే 41 మైళ్ళు. రోడ్డు పొడిగా ఉంటే ముప్పావు గంట. కానీ నార్త్ బెండ్ (ఎగ్జిట్ 31) దాటాక ఘాట్ మొదలై, పాస్ (కొండ కనుమ) దగ్గరికి వచ్చేసరికి 3,022 అడుగులకు చేరతారు. కింద వాన పడుతుంటే పైన మంచు కురవచ్చు, గడ్డకట్టే వానా పడవచ్చు. పెట్రోలు, బాత్రూమ్, కాఫీ అన్నీ నార్త్ బెండ్‌లోనే ముగించుకోండి. ఎలక్ట్రిక్ కారైతే ఇంటి దగ్గరే 90 శాతం దాకా ఛార్జ్ పెట్టండి. చలి, ఎక్కుడు, హీటర్ మూడూ కలిసి రేంజ్‌ని బాగా తినేస్తాయి.

3,000 అడుగులంటే స్కీ రిసార్ట్‌కి చాలా తక్కువ ఎత్తు. అందుకే "మంచు పడుతుందా" అని కాదు, "ఫ్రీజింగ్ లెవెల్ (గాలి సున్నా డిగ్రీల సెల్సియస్‌కి చేరే ఎత్తు) ఎంత" అని చూడాలి. నేషనల్ వెదర్ సర్వీస్ ఫోర్‌కాస్ట్‌లో ఆ అంకె ఉంటుంది. మంచు సాధారణంగా ఫ్రీజింగ్ లెవెల్‌కి ఓ వెయ్యి అడుగుల కింద దాకా మంచుగానే పడుతుంది. అది 3,000 లోపు ఉంటే నిశ్చింతగా వెళ్ళండి. 4,000 దగ్గరుంటే తడి మంచు. 5,000 దాటితే వానలో తడవడానికి డబ్బు కట్టినట్టే, రోజు మార్చుకోండి.

దీనికో మినహాయింపు ఉంది, చాలామందికి తెలియదు. తూర్పు వాషింగ్టన్‌లో పేరుకున్న చల్లగాలి ఈ పాస్ గుండానే పడమటికి జారుతుంది. అలాంటప్పుడు పైన గాలి వెచ్చగా ఉన్నా పాస్ దగ్గర మాత్రం గడ్డకట్టే చలి. పైనుంచి వానగా వచ్చింది రోడ్డు మీద పడి అద్దంలా గడ్డకడుతుంది. గాలి పడమటికి తిరగగానే కాసేపట్లో అంతా మామూలు వాన. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సైట్‌లో పాస్ దగ్గరి స్టేషన్, పైన ఉన్న స్టేషన్ల ఉష్ణోగ్రతలు పక్కపక్కన చూడండి. పైది కిందిదాని కన్నా వెచ్చగా ఉండి, తడి కూడా వస్తోందంటే ఆ పొద్దున బయల్దేరకండి.

రోజు విషయానికొస్తే, శుక్రవారం సెలవు పెట్టగలిగితే అదే మేలు. మార్టిన్ లూథర్ కింగ్ వారాంతం, ప్రెసిడెంట్స్ డే వారాంతం వద్దే వద్దు. శనివారమే కుదిరితే ఎనిమిదిన్నరకల్లా పార్కింగ్‌లో ఉండాలి, లేదా మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్ళాలి. ఇక్కడ రాత్రి స్కీయింగ్ ఉంది, లైట్లు బాగానే ఉంటాయి, జనం పలచబడతారు. ఆదివారం సాయంత్రం మాత్రం తిరుగు ప్రయాణం నరకం. తూర్పు నుంచి ఇళ్ళకు వచ్చేవాళ్ళూ స్కీయర్లూ ఒకేసారి ఆ రోడ్డెక్కుతారు.

బయల్దేరే ముందు డబ్ల్యూఎస్‌డాట్ (రాష్ట్ర రవాణా శాఖ) పాస్ రిపోర్ట్ చూడండి, లేదా 511కి ఫోన్ చేయండి. అవలాంచ్ కంట్రోల్ (కూలబోయే మంచుని ముందే పడగొట్టడం) కోసం హైవే మూసేస్తే తెరిచేదాకా దారిలో కూర్చోవాల్సిందే. చెయిన్ల సంగతి ఇంకెవరైనా వివరంగా రాస్తే బాగుంటుంది. ఒక్క మాట: మీ కారుకి తప్పనిసరి.

బూట్_ఫిట్టర్ జవాబు:

రెంటల్ ముందు రోజే కింద, ఊళ్ళో తీసుకోండి. వారాంతం పొద్దున కొండ మీద రెంటల్ క్యూలో గంట పోతుంది, పైగా బూట్లు సరిగా వేసి చూసుకునే తీరిక ఉండదు. లెసన్‌తో పాటు రెంటల్, బిగినర్ లిఫ్ట్ టికెట్ కలిపి ప్యాకేజీ దొరికితే మాత్రం దాన్నే తీసుకోండి, విడివిడిగా కొన్నదానికన్నా చవక. లెసన్లు, టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేయాలి. కౌంటర్ దగ్గర ధర ఎక్కువ, ఒక్కోసారి అమ్మరు కూడా.

మొదటి రోజుని చెడగొట్టేది స్కీ కాదు, బూటు. రెంటల్ షాపులో అందరూ మామూలు షూలాగా వదులుగా, హాయిగా ఉన్నది అడుగుతారు. అది తప్పు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్ళు వంచగానే వెనక్కి జరగాలి. మడమ లేవకూడదు. వదులు బూటులో పాదం కదిలితే స్కీ మీ మాట వినదు. అప్పుడు పట్టు కోసం బకిల్స్ బిగిస్తారు, రక్తం ఆడక పాదం మొద్దుబారుతుంది, అంతా బూటు బిగువని తిట్టుకుంటారు.

సాక్సు ఒక్క జతే, పల్చటి ఉన్నివి, మోకాలి కింద దాకా వచ్చేవి. చలి అని రెండు జతలు వేస్తే మడతలు పడి నొక్కుతాయి, పాదం ఇంకా చల్లబడుతుంది. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకూడదు, పైకి మడవండి. లోపల సాక్సు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ముడుకు కింద ఎముక మీద నల్లగా కమిలేది ఆ అంచు వల్లే.

ఫారంలో బరువు, ఎత్తు, వయసు, స్కీయర్ టైప్ అడుగుతారు. బరువు తగ్గించి, టైప్ పెంచి రాయకండి. బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) ఎంత బలానికి ఊడాలన్నది ఆ అంకెలతోనే, బూటు పొడవుతో కలిపి నిర్ణయిస్తారు. ఊడాల్సిన చోట ఊడకపోతే తిరిగేది మోకాలు. మీరందరూ టైప్ 1, అంటే కొత్తవాళ్ళు. స్కీ పొడవు గడ్డం దాకా వస్తే చాలు, బాబుకి ఇంకాస్త పొట్టిదైనా పర్లేదు.

కొండ మీద ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడ: బూటు బైండింగ్‌లో పడటం లేదని పది నిమిషాలు తొక్కుతూ ఉంటారు. అడుగున మంచు గట్టిపడి ఉంటుంది, అంతే. పోల్‌తోనో, బైండింగ్ అంచుకి రుద్దో గీకేయండి. స్కీలు వాలుకి అడ్డంగా పెట్టి, దిగువ వైపుది ముందు వేసుకోండి. ముందు వేళ్ళు దూర్చి, తర్వాత మడమతో గట్టిగా తొక్కాలి.

బట్టల్లో జీన్స్, కాటన్ వద్దు. క్యాస్కేడ్స్‌లో మంచు బరువుగా, తడిగా ఉంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని సిమెంట్ అనడం ఊరికే కాదు. కూర్చున్న ప్రతిసారీ నీళ్ళు లాగుతుంది. జాకెట్, ప్యాంటు వాటర్‌ప్రూఫ్ రేటింగ్ కనీసం 10,000 మిల్లీమీటర్లు ఉండాలి. గ్లవ్స్ కూడా అలాంటివే, బాబుకి రెండో జత బ్యాగులో పెట్టండి. గాగుల్స్ నల్ల లెన్స్‌వి కాకుండా పసుపో గులాబీ రంగో తీసుకోండి, ఇక్కడ పొగమంచే ఎక్కువ. హెల్మెట్ అందరికీ.

వెళ్ళాల్సింది సమ్మిట్ వెస్ట్, లేదా సమ్మిట్ సెంట్రల్‌లో నేర్చుకునేవాళ్ళ భాగం. మ్యాజిక్ కార్పెట్ (నిలబడితే పైకి తీసుకెళ్ళే కదిలే పట్టీ) మీద మొదలుపెట్టి, ఆగడం వచ్చాకే చెయిర్‌లిఫ్ట్. హైవేకి అవతల వైపున్న ఆల్పెంటల్ నిటారు కొండ, మీకు కాదు. స్నోబోర్డ్ కూడా మొదటి రోజుకి వద్దంటాను, తోకెముక, మణికట్టు రెండూ దెబ్బతింటాయి. కిందికి చూస్తే భయమేసి వెనక్కి వాలతారు, అందరూ చేసే తప్పిదే. బరువు వెనక్కి పోతే స్కీ ముందు భాగం మంచుని పట్టదు, తిరగదు, ఇంకా వేగం పెరుగుతుంది. ముడుకు కింది ఎముక బూటు నాలుకకి ఆనుకునే ఉండాలి.

గోంగూర_కాస్కేడ్స్ జవాబు:

పెద్దవాళ్ళ గురించి. ట్యూబింగ్ (గాలి నింపిన ట్యూబులో కూర్చుని మంచు వాలు మీద జారడం) చూడటానికి కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది గానీ కింద ఆగేటప్పుడు నడుముకి కుదుపు తగులుతుంది. వెన్నునొప్పి, ఎముకల అరుగుదల ఉంటే వద్దు. బాబుకి మాత్రం బ్రహ్మాండం. సమయాల వారీగా టికెట్లుంటాయి, శని, ఆదివారాలవి ముందే అయిపోతాయి. ఎత్తు నిబంధన బుకింగ్ పేజీలో చూసుకోండి.

ఊరికే మంచు చూసి, తొక్కి, ఫొటోలు దిగాలంటే ఎగ్జిట్ 54 దగ్గర హయాక్ స్నో-పార్క్ నయం. స్లెడ్ వేసుకోవడానికి వాలు ఉంది. దీనికి డిస్కవర్ పాస్ (రాష్ట్ర పార్కుల పార్కింగ్ పాస్) సరిపోదు, స్నో-పార్క్ పర్మిట్ వేరే. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు హయాక్‌కి చెల్లే రకమో కాదో చదివి కొనండి. రిసార్ట్ వాలుల మీద స్లెడ్లు తీయనివ్వరు.

విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి తీసి చదవండి, చాలావాటిలో వింటర్ స్పోర్ట్స్ దెబ్బలు కవర్ కావు. మామయ్య గారు సరదాపడితే "ఒక్కసారే కదా" అనకండి. పెద్దవాళ్ళు ఎక్కువగా పడేది పార్కింగ్‌లోనే: తొక్కి తొక్కి గాజులా అయిన మంచు. షూకి తొడిగే రబ్బరు మేకుల గ్రిప్పులు ఇద్దరికీ కొనండి.

తిండి: లాడ్జిలో శాకాహారమంటే ఫ్రైస్, పిజ్జా వరకే అనుకోండి. పులిహోర మామూలు డబ్బాలో పెడితే మధ్యాహ్నానికి అన్నం పలుకులా బిగుస్తుంది. హాట్ ప్యాక్‌లో పెట్టండి, లేదంటే చపాతీ రోల్స్. ఫ్లాస్కులో టీ ఉంటే పెద్దవాళ్ళకి ఇంకేం అక్కర్లేదు.

ఈస్ట్‌సైడ్_వాన:

అందరికీ చాలా థ్యాంక్సండీ. చెయిన్ల గొడవ లేకుండా ఆల్ వీల్ డ్రైవ్ కారు రెంట్‌కి తీసుకుంటే సరిపోతుందా?

పాస్‌రిపోర్ట్90 జవాబు:

పూర్తిగా సరిపోదు. చెయిన్స్ రిక్వైర్డ్ అని బోర్డు పెట్టినప్పుడు ఆల్ వీల్ డ్రైవ్‌కి సాధారణంగా వేయక్కర్లేదు, కానీ మంచి ట్రాక్షన్ టైర్లు ఉండాలి, చెయిన్లు కారులో ఉండి తీరాలి. టైరు మీద ఎం+ఎస్ అనో, ఆల్ సీజన్ అనో, మంచుపువ్వు గుర్తో ఉండి, ట్రెడ్ కనీసం అంగుళంలో ఎనిమిదో వంతు ఉంటే ట్రాక్షన్ టైరు కింద లెక్క. పాటించకపోతే 500 డాలర్ల దాకా జరిమానా. రెంటల్ కంపెనీలు చాలావరకు కాంట్రాక్టులోనే చెయిన్లు వేయకూడదంటాయి, అడగకుండా తీసుకోకండి. నన్నడిగితే మీ సెడాన్‌కే చెయిన్లు కొనండి.

కొనేముందు కారు మాన్యువల్ తెరవండి. చాలా సెడాన్లకి చక్రానికీ ఫెండర్‌కీ మధ్య చోటు తక్కువ, సన్నటి కేబుల్ రకం (క్లాస్ ఎస్) మాత్రమే ఒప్పుతాయి. సైజు టైరు పక్కన రాసి ఉంటుంది, ఉదాహరణకి 215/55 ఆర్17. మీది ఫ్రంట్ వీల్ కాబట్టి ముందు చక్రాలకే.

ఇంటి ముందు, పొడి నేల మీద, పగటిపూట ఒకసారి వేసి తీయండి. చిక్కులు విప్పి పరచండి, కొక్కేల తెరిచిన వైపు టైరుకి తగలకుండా బయటికి ఉండాలి. టైరు మీద కప్పి, లోపలి వైపు కొక్కెం ముందు తగిలించి, తర్వాత బయటిది. లోపలిది సరిగా పడకపోతే బయట ఎంత బిగించినా ఊడుతుంది. కాస్త దూరం నడిపి, ఆపి, మళ్ళీ బిగించండి. ఈ రెండో బిగింపు వదిలేయడం వల్లే కేబుల్ తెగి ఫెండర్‌ని కొడుతుంది. తర్వాత 30 మైళ్ళ వేగం దాటకూడదు. తడి రోడ్డు తగలగానే తీసేయండి.

వేసుకోవడానికి బోర్డు పెట్టిన చెయిన్-అప్ స్థలాల్లోనే ఆగండి, మామూలు షోల్డర్ మీద వద్దు. డిక్కీలో పాత కార్ మ్యాట్, రబ్బరు గ్లవ్స్, తలకి పెట్టుకునే లైటు ఉంచండి. స్కీ గ్లవ్స్‌తో చెయిన్లు వేస్తే కొండ ఎక్కకముందే అవి తడిసిపోతాయి.