తినే పుట్టగొడుగుల సారం తామరకు మందవుతుందా?

బూజుబంధు:
తినే పుట్టగొడుగుల్లో ఫంగస్‌ని అణిచే పదార్థాలున్నాయని పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. షిటాకే అనే పుట్టగొడుగు నుంచి లెంటిన్ (2003), ముత్యపు చిప్ప పుట్టగొడుగు నుంచి ప్లూరోస్ట్రిన్ (2005) అనే ప్రొటీన్లు వేరుచేశారు. మరి తామర మీద ఆ సారం పూస్తే తప్పేమిటి? ఊరికే కొట్టిపారేయకుండా కారణం చెప్పండి.

తోలుమందు:
కారణాలు రెండున్నాయండీ. ఆ ప్రొటీన్లను ప్రధానంగా మొక్కల తెగుళ్ల మీద పరీక్షించారు: ఫ్యుసేరియం, మైకోస్ఫెరెల్లా వగైరా. తామరకు ఎక్కువగా కారణమయ్యే ట్రైకోఫైటాన్ రుబ్రమ్ అనే ఫంగస్ వేరే జాతి. రెండోది అణువు పరిమాణం. 500 డాల్టన్లు (అణుభారానికి కొలత) దాటిన అణువులు చర్మం పైపొరలోంచి దిగడం కష్టం. ప్లూరోస్ట్రిన్ దాదాపు 7,000, లెంటిన్ 27,500. ఫంగస్ ఉండేది పైపొరలోనే కదా అంటారేమో. అది కెరటిన్ అనే చర్మపు ప్రొటీన్‌ని తింటూ పొర మధ్యలోకి, వెంట్రుకల కుదుళ్లలోకి పాకుతుంది. పూత పైనే ఆగిపోతే మిగిలిన ఫంగస్ మళ్లీ పెరుగుతుంది.

గాజుపళ్లెం:
ఈ పరిశోధన పత్రాలు చదివేవాళ్లు ముందు కొలమానం చూడాలి. ఫంగస్‌ని ఆపడానికి కావలసిన మోతాదు ముడి సారాలకు తరచూ మిల్లీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, తామర మందు టెర్బినాఫిన్‌కి మైక్రోగ్రాముల్లో, అదీ ఒకటికంటే తక్కువలో. తేడా వెయ్యి రెట్ల పైమాటే.

పరీక్షలోనూ బోలెడు బోల్తాలు. 40 డిగ్రీల దగ్గర ఎండబెట్టిన పొడి 10 గ్రాములకు 100 మిల్లీలీటర్ల మిథనాల్ పోసి, ఒక రోజు కుదిపి, వడకట్టి, ద్రావణి ఎగరేస్తారు. మిగిలిన జిగురును డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగిస్తారు. ఆ డీఎంఎస్‌ఓనే ఫంగస్‌ని అణచగలదు కాబట్టి పరీక్ష ద్రవంలో దాన్ని 1 శాతం దాటనివ్వకూడదు, పోలిక కోసం సారం లేని డీఎంఎస్‌ఓ గుంట పక్కనే ఉండాలి. అది లేని పత్రాన్ని నేనైతే నమ్మను. అగార్ (ఫంగస్‌ని పెంచే జెల్లీ) పళ్లెంలో సారం పోసిన గుంట చుట్టూ ఫంగస్ పెరగకుండా ఏర్పడే వలయాన్ని కొలిచి 'బలమైన మందు' అనడం ఇంకో పొరపాటు. పెద్ద అణువులు అగార్‌లో పాకవు, చిన్నవి జోరుగా పాకుతాయి. వలయం వెడల్పులో సగం సంగతి అదే. ద్రవంలో రెండేసి రెట్లు పలుచన చేసుకుంటూ కనీస నిరోధక మోతాదు (ఫంగస్ పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు) తేల్చాలి. ట్రైకోఫైటాన్ నెమ్మదిగా పెరుగుతుంది, కనీసం నాలుగైదు రోజులు ఆగాలి. రెండో రోజే చూస్తే ఏ సారమైనా మందులాగే కనిపిస్తుంది!

వేడినీటి సారం సంగతి చెప్పక్కర్లేదు. మరిగిస్తే చాలా ప్రొటీన్లు చెడిపోతాయి. నీటిలోకి దిగేవి ఎక్కువగా బీటా గ్లూకాన్లు అనే చక్కెర గొలుసులు. అవి రోగనిరోధక కణాలను కదిలిస్తాయే గానీ ఫంగస్‌ని నేరుగా చంపవు.

బూజుబంధు:
అంతా ఒప్పుకుంటా. కానీ మ్యూసిడిన్‌ని మరిచిపోయారు. ఊడెమాన్సియెల్లా మ్యూసిడా అనే పుట్టగొడుగు (జిగురు కడిగేసి తింటారు) నుంచి చెకోస్లొవాకియాలో దాన్ని తీసి, మ్యూసిడెర్మిన్ పేరుతో చర్మపు ఫంగస్‌కి మందుగానే అమ్మారు.

తోలుమందు:
మంచి ఉదాహరణ, నా వాదనకీ పనికొస్తుంది. మ్యూసిడిన్, 1977లో బయటపడ్డ స్ట్రోబిలురిన్-ఎ రెండూ ఒకటేనని తర్వాత తేలింది. అణుభారం 258 డాల్టన్లు, అంటే 500 లోపే. ఫంగస్ మైటోకాండ్రియాలో (కణానికి శక్తి తయారయ్యే చోట) బీసీ1 అనే ప్రొటీన్ల సంకీర్ణాన్ని అడ్డుకుని శక్తి తయారీని ఆపుతుంది. పుట్టగొడుగు తనూ ఫంగసే అయినా తన విషానికి చావదు, ఎందుకంటే దాని బీసీ1లోని సైటోక్రోమ్-బి అనే ప్రొటీన్‌లో అమినో ఆమ్లాలు మారి ఉన్నాయి. మందుగా మారింది శుద్ధిచేసిన అణువే, నూరిన ముద్ద కాదు. పైగా స్ట్రోబిలురిన్-ఎ వెలుతురుకు విచ్ఛిన్నమవుతుంది. అందుకే పంటల మందులవాళ్లు దాన్ని అలాగే వాడకుండా అజాక్సీస్ట్రోబిన్ లాంటి స్థిరమైన రూపాలు తయారుచేశారు. బీసీ1 మన కణాల్లోనూ ఉంది కాబట్టి చర్మానికి వాడాలంటే భద్రత విడిగా తేల్చాల్సిందే.

బూజుబంధు:
అయితే పచ్చి ముద్ద పూయొద్దంటారు.

తోలుమందు:
వద్దు. తడి ముద్ద కింద చర్మం నాని ఫంగస్‌కి మరింత అనువవుతుంది. షిటాకే పచ్చిగా తింటేనే కొందరికి ఒకటి రెండు రోజుల్లో కొరడా దెబ్బల్లాంటి దద్దుర్లు వస్తాయి. ఒంటిమీద మచ్చ తామరేనా అన్నది ముందు తేలాలి: అంచు నుంచి పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో ఫంగస్ పోగులు చూడాలి. తామరే అయితే 1 శాతం టెర్బినాఫిన్ క్రీమ్‌ని మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల దాకా రాయాలి, దురద తగ్గగానే మానకూడదు. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ జోలికి అసలే పోవద్దు. ఎరుపు తగ్గుతుంది, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది.