మూడు ట్రాక్ డేలకే ముందు చక్రాల బ్రేక్ డిస్కులు పోయాయి, ఈసారి ఏవి వేయించాలి?

వంశధార_హ్యాచ్, గుణుపురం
అన్నలకు నమస్కారం. నాది టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బరువు 1100 కిలోలు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో మూడుసార్లు తిప్పాను. మూడోసారి నాలుగో ల్యాప్‌లో బ్రేక్ తొక్కగానే స్టీరింగ్ గజగజ కొట్టుకుంది. ఇంటికొచ్చి చక్రం విప్పి చూస్తే డిస్కు నిండా వెంట్రుకంత సన్నని గీతలు. మా మెకానిక్ డిస్కు వంగిందని, లేత్‌కి ఇద్దామని అంటున్నాడు. ఫ్రెండేమో చిల్లులున్న డిస్కులు వేయించమంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, మీ అనుభవం చెప్పండి.

సుంకిఘాట్_26, జయపురం
తమ్ముడూ, ముందు మందం కొలిచి చూడు. డిస్కు మీదే కనిష్ఠ మందం అంకె పోత పోసి ఉంటుంది. నా బండికి కొత్తలో 22 మి.మీ., 19 దగ్గర తీసేయాలి. ఒక్క జాగ్రత్త. బ్రేక్ తొక్కితే డిస్కును నొక్కి పట్టేది ప్యాడ్, అది తగలని చోట అంచున గట్టులా మిగిలిపోతుంది. వెర్నియర్ ఆ గట్టునే పట్టుకుని ఎక్కువ చూపిస్తుంది. నేను అలాగే 21 అనుకుని నిశ్చింతగా ఉన్నాను, మైక్రోమీటర్ పెడితే 18.8 వచ్చింది! అది లేకపోతే రెండు వైపులా గట్టుకు లోపలగా చెరో రూపాయి బిళ్ల పెట్టి కొలువు, తర్వాత బిళ్లల మందం తీసెయ్యి.

గీతల మీద గోరు పెట్టి లాగు. తట్టకపోతే అవి వేడికి పడ్డ పైపై గీతలు. గోరు తట్టినా, చీలిక బయటి అంచుదాకా పాకినా ఆ బండి రోడ్డు మీదకు కూడా తీయొద్దు.

ఎర్రమట్టి, రాయగడ
స్టీరింగ్ కొట్టుకుంటే డిస్కు వంగిందనే అందరూ అంటారు. చాలాసార్లు అది కాదు. బాగా వేడెక్కిన డిస్కుకి ప్యాడ్ మసాలా ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా అంటుకుంటుంది, పెడల్ కింద తెలిసేది ఆ హెచ్చుతగ్గులే. ట్రాక్ దిగాక బండి ఆపి, డిస్కు వేడిగా ఉండగానే పెడల్ తొక్కి పట్టుకున్నావా? అలా చేసినా మసాలా ఒకచోట అంటుకుపోతుంది.

ఇంకొకటి, లేత్ వద్దు. తీసిన ప్రతి పొర మేర వేడిని మోసే ఇనుము తగ్గుతుంది. మితిమీరి కాలిన చోట పోత ఇనుములో గట్టి మచ్చలు ఏర్పడతాయి, పైన చెక్కినా అడుగున ఉండిపోయి కొన్నాళ్లకు మళ్లీ తేలతాయి.

వంశధార_హ్యాచ్
అవునన్నా, పిట్‌లో రెండు నిమిషాలు తొక్కే ఉంచాను. బిళ్లలతో కొలిస్తే 20.1. కానీ ఎడమ డిస్కులో ఒకచోట గోరు తట్టుతోంది.

గోపాల్‌పూర్_గాలి, బరంపురం
అయితే రెండు ముందు డిస్కులూ కలిపి మార్చెయ్యి తమ్ముడూ. చిల్లులవి మాత్రం వద్దు. నేను వేయించాను, రెండో ట్రాక్ డేకే చిల్లు నుంచి చిల్లుకి చీలిక పాకింది. పాతకాలం ప్యాడ్ల నుంచి వచ్చే గ్యాసు పోవడానికి పుట్టిన ఏర్పాటు అది, ఇప్పటి ప్యాడ్లకు అంత అవసరం లేదు. గాడులున్నవి ఫర్వాలేదు, ప్యాడ్ ముఖాన్ని శుభ్రంగా ఉంచుతాయి, కాకపోతే ప్యాడ్లు త్వరగా అరుగుతాయి.

నా మాటైతే మధ్యలో గాలి సందులున్న మామూలు నున్నటి డిస్కులే తీసుకో. టైర్లలాగే అరిగిపోయే వస్తువనుకుని డబ్బు పక్కన పెట్టు. నీ బండిని 150 నుంచి 70కి తగ్గించడమంటే ఇంచుమించు రెండున్నర లీటర్ల నీళ్లు మరిగించేంత వేడి, అదీ నాలుగైదు సెకన్లలో! మిగిలిన డబ్బు ట్రాక్ ప్యాడ్లకీ, బ్రేక్ ఆయిల్‌కీ పెట్టు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరితే 155 దగ్గరే మరగొచ్చు. మాది సముద్రపు గాలి, అందుకే ట్రాక్‌కి వెళ్లే ముందు ప్రతిసారీ మార్చేస్తాను.

సుంకిఘాట్_26
కొత్తవి వేశాక ప్యాడ్లూ డిస్కులూ ఒకదానికొకటి కుదురుకోవాలి, అందుకు ఖాళీ రోడ్డు చూసుకుని 80 నుంచి 20కి ఎనిమిది పదిసార్లు తగ్గించు, పూర్తిగా ఆపొద్దు. తర్వాత బ్రేక్ వాడకుండా కాసేపు నడిపి చల్లార్చు. ట్రాక్‌లోనూ చివరి ల్యాప్ నెమ్మదిగా తిప్పే లోపలికి రావాలి. సాలూరు వైపు ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజిన్ మీద దించుతాం కదా, డిస్కుకి ఊపిరి తీసుకునే టైమ్ ఇవ్వడమే ఇది కూడా.

వంశధార_హ్యాచ్
నున్నటివే ఆర్డర్ పెట్టాను. పాత డిస్కు ఊడదీస్తే అది కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు పొలుసులు కట్టి ఉంది.

ఎర్రమట్టి
ఆ తుప్పు మీదే కొత్త డిస్కు కూర్చోబెడితే అది అడ్డంగా ఊగుతుంది, నెల తిరిగేసరికి స్టీరింగ్ మళ్లీ కొట్టుకుంటుంది. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దు. ఊగు కొలిచే డయల్ గేజ్ నా దగ్గరుంది, చీలిన డిస్కుతో బండి తీయకు, ఆదివారం నేనే గుణుపురం వస్తాను, అక్కడే బిగించి ఊగు ఎంతుందో చూద్దాం.