పదో సంపుటాన్ని దాటవేస్తే ‘వీల్ ఆఫ్ టైమ్’ చదివినట్టేనా?

తిరుపతి పాఠకుడు:
రాబర్ట్ జోర్డాన్ ప్రారంభించిన ‘వీల్ ఆఫ్ టైమ్’ అనే ఆంగ్ల ఫాంటసీ నవలామాలికలో 1990 నుంచి 2013 వరకు పద్నాలుగు సంపుటాలు వెలువడ్డాయి. తొమ్మిదింటిని ఆసక్తిగానే పూర్తిచేశాను గాని, పదోదాని దగ్గర ఆరు నెలలుగా ఆగిపోయాను. గుర్తుగా పెట్టుకున్న చిత్తూరు బస్సు టికెట్టు మీద అచ్చు పూర్తిగా వెలిసిపోయింది. టికెట్టు మాత్రం అదే పుటలో ఉంది. తొమ్మిదో సంపుటం చివర ఒక మహత్కార్యం జరుగుతుంది. పదోదానిలో చాలా భాగం, ఆ సమయంలో మిగిలిన పాత్రలు ఎక్కడ ఏం చేస్తున్నాయో చెప్పడంతోనే గడిచిపోతుంది. సారాంశంతో సరిపెట్టుకుని పదకొండోదానికి వెళ్లవచ్చునా? వెళ్తే, మొత్తం చదివానని చెప్పుకోగలనా?

పలమనేరు పాఠకురాలు:
చెప్పుకోలేరు. సారాంశం ఏం జరిగిందో చెబుతుంది గాని, పాత్రలు ఎంతకాలం దిక్కుతోచక ఎదురుచూశాయో అనుభవంలోకి తేలేదు. ఆ ఎదురుచూపు బరువు తెలియనివారికి తర్వాత వచ్చే విజయం తేలికగా దొరికినట్టే ఉంటుంది. రోజుకు పది పుటలు చదవండి.

చిత్తూరు పాఠకుడు:
పలమనేరు వారితో నేను ఏకీభవించలేను. మన జిల్లాలో భారతం ఎలా వింటారో వారికీ తెలుసు. ధర్మరాజు గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం జరుగుతాయి. మా అమ్మ ఏ ఏడూ అన్ని రోజులూ కూర్చోలేదు. పాలు పిండే వేళ కాగానే కథ మధ్యలోనే లేచి వెళ్లిపోయేది. అయినా అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజునూ, మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ తొడ విరగ్గొట్టే రోజునూ తప్పిపోనిచ్చేది కాదు. ఆమెకు భారతం తెలియదని ఊళ్లో ఎవరూ అనలేదు. భాగవతార్ గారు కూడా నిన్నటి కథను నాలుగు మాటల్లో చెప్పిగాని ఆనాటి కథ ఎత్తుకునేవారు కాదు. వందల పాత్రలతో నడిచే నవలామాలిక ఆ సాయం చేయనప్పుడు, పాఠకుడు సారాంశం వెతుక్కోవడంలో తప్పేముంది?

అంతెందుకు, నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోతే, తిక్కన ఆ శేషాన్ని విడిచిపెట్టి విరాటపర్వం నుంచే మొదలుపెట్టాడు. ఎర్రన వచ్చేవరకు మన తెలుగు భారతం ఆ ఖాళీతోనే నిలిచింది, ఆ ఖాళీతోనే గౌరవమూ పొందింది.

ఇంకొక సంగతి కూడా ఆలోచించండి. 2007లో మరణించిన జోర్డాన్ స్వయంగా పూర్తిచేసిన ఆఖరి సంపుటం, 2005లో వచ్చిన పదకొండోదే. తర్వాతి మూడింటిని ఆయన వదిలివెళ్లిన రాతల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేశారు. పదోదానిపై పంతానికి పోయి పుస్తకం మూసేస్తే, కథ మళ్లీ పరుగందుకునే ఆ సంపుటాన్నే, అంటే రచయిత చివరిగా మన చేతికిచ్చిన దాన్నే, పోగొట్టుకుంటారు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

పలమనేరు పాఠకురాలు:
తిక్కన విడిచిన భాగంలోనే సావిత్రి కథ ఉంది, యక్షప్రశ్నలు ఉన్నాయి. అవి లేని భారతాన్ని మీరు ఊహించగలరా? అందుకే ఎర్రన ఆ శేషాన్ని నన్నయ ధోరణిలోనే పూరించి, రాజరాజనరేంద్రుడికే అంకితంగా నిలిపాడు. పదో సంపుటం యక్షప్రశ్నలంతటిదని నేను అనను గాని, చదవకముందే అందులో ఏమీ లేదని తీర్మానించడం సరికాదు. పూర్తిగా చదవలేకపోతే, సంపుటం చివర ముఖ్యపాత్రల్లో ఒకరైన ఎగ్వీన్‌కు ఏం జరుగుతుందో ఆ భాగమైనా రచయిత మాటల్లోనే చదవండి. తర్వాతి సంపుటాలలో ఆమె కథ అక్కడి నుంచే నడుస్తుంది.

తిరుపతి పాఠకుడు:
ఆ మాట ఒప్పుకుంటున్నాను. ఈ రాత్రి ఎగ్వీన్ భాగం చదివి, రేపు పదకొండో సంపుటం మొదలుపెడతాను. టికెట్టును మాత్రం ఆ పుటలోనే ఉంచుతున్నాను.