స్ప్లెండర్‌కు పల్సర్ వెనక చక్రం: బుష్ వేసి బిగిస్తే సరిపోతుందా?

ఉద్దానం బండి (సోంపేట):
మా నాన్నగారి స్ప్లెండర్ ప్లస్ మీద కవిటి తోటల నుంచి కొబ్బరికాయల బస్తాలు తెస్తుంటాం. మొన్నటి వానకు గోతిలో పడి వెనక రిమ్ము వంగింది, ఆరేడు స్పోకులు తెగాయి. శ్రీకాకుళంలో ఒక పాత సామాన్ల షాపులో పల్సర్ 150 అలాయ్ చక్రం (స్పోకులు లేకుండా ఒకే ముక్కగా పోత పోసినది) టైరుతో సహా చవకగా దొరికింది. లేత్‌లో బుష్ (ఇరుసు చక్రంలో సరిగ్గా కూర్చునేలా వేసే చిన్న గొట్టం) చేయించి ఎక్కించేద్దామని మెకానిక్ అంటున్నాడు. ఇలా వేయించుకున్నవారు ఉంటే చెప్పండి.

రాజాం రైడర్:
ధైర్యంగా వేయించు తమ్ముడూ. నేను వేయించి రెండేళ్లయింది. స్పోకులు తెగే బాధ పోయింది. టైరు వెడల్పుగా ఉండటంతో చీపురుపల్లి రోడ్డులో తడి మీద కూడా బండి జారడం లేదు. బరువు మోసే బండికి సన్న టైరు, స్పోకులు ఏం ఆగుతాయి? కంపెనీవాళ్లు ఖర్చు చూసుకుని ఇచ్చినదాన్నే మనం జీవితాంతం మోయాలా?

షెడ్డు మాస్టారు (విజయనగరం):
బాబూ, ఇరుసుకు బుష్ చేయడం లేత్ మీద అరగంట పని. అసలు చిక్కు అక్కడ లేదు. స్ప్రాకెట్‌కూ (చైను పట్టే పళ్ల చక్రానికీ) రిమ్ము నడిమికీ మధ్య ఎంత దూరం ఉండాలో ఒక్కో బండికి ఒక్కో లెక్క. అలాయ్‌లో ఆ దూరం పోత పోసినప్పుడే ఖాయమైపోతుంది. చైను తిన్నగా నడవాలని వాషర్లు వేసి చక్రాన్ని జరిపితే, టైరు ముందు చక్రం వరుసలోంచి తప్పుతుంది. టైరును వరుసలోకి తెస్తే చైను వంకర పోతుంది. స్పోకుల చక్రమైతే ఒక పక్క బిగించి, రెండో పక్క వదులు చేసి రిమ్మును కాస్త లాగవచ్చు. అలాయ్‌ను ఎటు లాగుతాం?

టైరు సంగతి చూడండి. పాత స్ప్లెండర్‌ది 2.75-18, అంటే వెడల్పు 2.75 అంగుళాలు, దాదాపు 70 మిల్లీమీటర్లు. పల్సర్‌ది 100/90-17, వెడల్పు 100. ఒక్కో పక్కకు 15 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇప్పుడున్న టైరుకూ చైను కవరుకూ మధ్య వేలు పెట్టి చూస్తే ఎంత చోటుందో మీకే తెలుస్తుంది.

నా భయమంతా బ్రేకు గురించే. పెడల్ తొక్కగానే షూలు డ్రమ్మును పట్టుకుంటాయి. డ్రమ్ముతోపాటు, ఆ షూలు బిగించి ఉన్న బ్రేకు ప్లేటు కూడా తిరిగిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపేది, ప్లేటును బండికి కట్టి ఉంచే టార్క్ రాడ్డు ఒక్కటే. వేరే మోడల్ ప్లేటుకు ఆ రాడ్డు పొడవూ, బోల్టు చోటూ కలవవు. గజపతినగరం నుంచి పాలు తెచ్చే ఆయన బండి ఒకటి నా షెడ్డుకు వచ్చింది. టార్క్ రాడ్డు పొడవు చాలక ఎవరో బైండింగ్ తీగతో కట్టి పంపారు. గట్టిగా బ్రేకు వేయగానే తీగ తెగి, ప్లేటు సగం చుట్టు తిరిగి, బ్రేకు రాడ్డును విల్లులా వంచేసింది. చక్రం అక్కడికక్కడే బిగిసిపోయింది. క్యాన్లన్నీ రోడ్డు మీదే. ఆయన బతికి బయటపడటం అదృష్టం. ఆ వంగిన రాడ్డు ఇంకా నా షెడ్డులో మేకుకు వేలాడుతోంది. ఇలాంటి పని అడిగిన ప్రతివాడికీ చూపిస్తాను.

అలాయే కావాలంటే స్ప్లెండర్ అలాయే వేయించండి. ఇరుసూ బేరింగులూ మీ బండి కొలతకు ఉన్నాయో లేదో చూసుకోండి. అది వద్దనుకుంటే కొత్త రిమ్ము, కాస్త మందం స్పోకులు. కొబ్బరి బస్తాలకు అది చాలు.

రాజాం రైడర్:
మాస్టారూ, తీగతో కట్టడం ఆ మెకానిక్ తప్పు, చక్రం తప్పు కాదు. నాది స్వింగ్ ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రానికి) కొత్త పట్టీ వెల్డింగ్ చేయించి, రాడ్డు బోల్టు వేసి, నట్టు ఊడకుండా కాటర్ పిన్ను కూడా పెట్టించాను. పని తెలిసినవాడు చేస్తే భయం లేదు.

కోర్టు రోడ్డు (శ్రీకాకుళం):
మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరించిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమావాళ్లు మొదట చూసేది ఆ వెల్డింగునే.

షెడ్డు మాస్టారు (విజయనగరం):
రాజాం బాబూ, పిన్ను పెట్టించారంటే సంతోషం. కానీ స్వింగ్ ఆర్మ్ గొట్టం రేకు పలచన, వెల్డింగు వేడికి అతుకు పక్కనే పగులు పుడుతుంది. పట్టీ చుట్టూ గుడ్డతో తుడిచి, వెంట్రుకలాంటి గీత ఉందేమో చూడండి. స్ప్రాకెట్ పళ్లు కూడా చూడండి. చైను వంకరగా ఉంటే పన్ను ఒక పక్కే మెరుస్తుంది.

ఉద్దానం బండి (సోంపేట):
వేలు పెట్టి చూశాను మాస్టారూ. చిటికెన వేలు కూడా దూరలేదు. నాన్నగారు కూడా రిమ్మే మార్పించమన్నారు. చక్రం వెనక్కి ఇచ్చేస్తున్నాను.

రాజాం రైడర్:
టార్చిలైటు వేసి చూశాను. పట్టీ దగ్గర పగులేమీ లేదు. స్ప్రాకెట్ పళ్లు మాత్రం లోపలి పక్కే అరిగి మెరుస్తున్నాయి, మీ మాట నిజమే. వెడల్పు టైరు విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఈ ఆదివారం విజయనగరం వస్తున్నాను. చైను వరుస మీరే ఒకసారి చూసి చెప్పండి మాస్టారూ.