కాన్‌కూన్ ట్రిప్: పాజిటివ్ వస్తే పది రోజులు ఎక్కడ, ఎవరి ఖర్చుతో?

ఇర్వింగ్ నుంచి, 2022 జనవరి (ఇక్కడి కోవిడ్ రూల్స్ అప్పటివి; అమెరికా టెస్ట్ రూలును 2022 జూన్‌లో, టీకా రూలును 2023 మేలో ఎత్తేసింది)

అందరికీ నమస్కారం. నవంబర్ చివర్లో హైదరాబాద్ నుంచి హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద డాలస్ పక్కనున్న ఇర్వింగ్ వచ్చాం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. అమ్మ విజిటర్ వీసా మీద మాతోనే ఉంది. ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కి, ఫిబ్రవరి 18 నుంచి 21 వరకు, మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్దామనుకుంటున్నాం. తిరిగి వచ్చేటప్పుడు కోవిడ్ టెస్ట్ ఎప్పుడు చేయించాలి? ఎవరికైనా పాజిటివ్ వస్తే ఏం చేయాలి? ఆఫీసు ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ చాలా, ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరే కొనాలా? మా ఇద్దరికీ కోవిషీల్డ్, అమ్మకి కోవాక్సిన్ రెండు డోసులూ అయ్యాయి. తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఫ్రిస్కో నుంచి

వెళ్లేటప్పుడు మెక్సికో టెస్టూ అడగదు, క్వారంటైనూ లేదు. బెంగంతా తిరుగు ప్రయాణానిదే. డిసెంబర్ 6 నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ రూలు బిగించింది. అంతకుముందు టీకాలు పూర్తయినవాళ్లకు మూడు రోజుల గడువు ఉండేది. ఇప్పుడు టీకా వేయించుకున్నా, అమెరికా పౌరులైనా, విమానం ఎక్కే రోజు గానీ దాని ముందు రోజు గానీ ఇచ్చిన శాంపిలే చెల్లుతుంది. రెండేళ్లు నిండిన పిల్లలకూ ఇదే రూలు, కాబట్టి పాపకీ చేయించాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఇది 24 గంటల లెక్క కాదు, తేదీ లెక్క. సోమవారం 21న సాయంత్రం ఫ్లైట్ ఉన్నా, ఆదివారం 20న పొద్దున్నే ఇచ్చిన శాంపిల్ చెల్లుతుంది. అందుకే ఆదివారం పొద్దున్నే కానిచ్చేయండి. సోమవారానికి వదిలేస్తే రిపోర్టులో పేరు తప్పు పడినా దిద్దించుకునే టైం ఉండదు. డైరెక్ట్ ఫ్లైటే తీసుకోండి. కనెక్టింగ్ అయితే మొదటి విమానం తేదీతో లెక్క వేయాలన్నా అంతా ఒకే టికెట్ మీద ఉండాలి, మధ్యలో ఆగే సమయం 24 గంటలు దాటకూడదు.

ఆర్‌టీపీసీఆర్ అక్కర్లేదు, యాంటిజెన్ చాలు. పైగా అదే మంచిది. తగ్గిపోయిన జబ్బుకి కూడా పీసీఆర్ వారాల తరబడి పాజిటివ్ చూపించవచ్చు. మీలో ఎవరికైనా ఈ మధ్యే కోవిడ్ వచ్చి తగ్గి ఉంటే ఇంకో దారి ఉంది. 90 రోజుల లోపలి పాజిటివ్ రిపోర్టు, దాంతోపాటు 'ప్రయాణం చేయవచ్చు' అని డాక్టర్ లెటర్‌హెడ్ మీద సంతకం చేసి ఇచ్చిన ఉత్తరం ఉంటే నెగెటివ్ రిపోర్టు అడగరు. ఆ ఉత్తరం ఇక్కడ ఉండగానే తీసుకుని బయల్దేరండి.

రిపోర్టు చేతికి రాగానే అక్కడే నిలబడి చూసుకోవాల్సినవి: ఏ రకం టెస్ట్, ఎవరు చేశారు, శాంపిల్ తీసిన తేదీ, ఫలితం, పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తి పేరు, దాంతోపాటు పుట్టిన తేదీ లేదా పాస్‌పోర్ట్ నంబర్. మనవాళ్లకి పేర్ల దగ్గరే చిక్కు వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. మెక్సికోలో ఫారాలు రెండు ఇంటిపేర్లు అడుగుతాయి. నోటితో చెప్పకుండా పాస్‌పోర్టు చూపించి రాయించండి. ఈ పేరు గొడవ కోవిన్ సర్టిఫికెట్లలోనూ ఉంటుంది. విదేశీ ప్రయాణానికి పూర్తి పుట్టిన తేదీతో, పాస్‌పోర్ట్ నంబర్ జోడించి ఇచ్చే సర్టిఫికెట్ వేరే ఉంది. అది డౌన్‌లోడ్ చేసుకుని, తేడా ఉంటే ఇప్పుడే పోర్టల్‌లో సరిచేయించండి. అమ్మగారి కోవాక్సిన్‌కి బెంగ లేదు. నవంబర్ 3న డబ్ల్యూహెచ్‌ఓ జాబితాలో చేరింది కాబట్టి అమెరికా ఒప్పుకుంటుంది.

కాన్‌కూన్‌లో చాలా రిసార్టుల్లోనే టెస్ట్ చేస్తారు. బుక్ చేసేటప్పుడే అడిగి, ఆదివారం ఉదయానికి టైం రాయించుకోండి. లాంగ్ వీకెండ్ కదా, అందరూ ఆ ఉదయానికే వస్తారు.

దానికి తోడు ఇంటి కిట్లు కూడా రెండు మూడు పట్టుకెళ్తే మంచిదే. కానీ మందుల షాపులో దొరికే మామూలు కిట్‌తో మీరే చేసుకున్నది చెల్లదు. వీడియో కాల్‌లో ఒక మనిషి మొదటి నుంచి చివరి దాకా చూసి రిపోర్ట్ ఇచ్చే రకం కావాలి. వీడియోలో టెస్ట్ చేయించే ఈమెడ్ వాళ్లతో కలిపి వచ్చే బైనాక్స్‌నౌ కిట్ అలాంటిది. వాళ్లు చెప్పేదాకా ప్యాకెట్ విప్పకూడదు, ముందే విప్పితే ఆ కిట్ పనికిరాదు. చేసే పని సులువే: కార్డులో పైనున్న రంధ్రంలో కిట్ ద్రవం ఆరు చుక్కలు, ఒక్కో ముక్కు రంధ్రంలో స్వాబ్ కనీసం ఐదు చుట్లు, కార్డులో పెట్టాక కుడివైపుకి మూడు తిప్పులు, మూసేసి 15 నిమిషాలు ఆగడం. కిట్‌ను 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి, బీచ్ దగ్గర కారులో వదలకండి. రిసార్ట్ వైఫై వీడియోకి సరిపోతుందో ముందు రోజే చూసుకోండి. పాప కెమెరా ముందు కదలకుండా కూర్చోవాలి, రెండు రోజుల ముందు నుంచే ఆటలా అలవాటు చేయండి.

ప్లేనో నుంచి

ఇన్సూరెన్స్ సంగతి నేను చెప్తాను. నెగెటివ్ వస్తే ఏ పాలసీతోనూ పని లేదు. పాజిటివ్ వచ్చిన రోజు ఏ కాగితం డబ్బు ఇస్తుందన్నదే చూసుకోవాలి.

ఆఫీసు ప్లాన్‌లో 'అమెరికా బయట' అన్న భాగం తీసి చదవండి. చాలావాటిలో బయటి దేశంలో ఎమర్జెన్సీకి మాత్రమే ఇస్తారు, అదీ ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. మెక్సికోలో ప్రైవేటు ఆసుపత్రులు తరచూ ముందే కార్డు మీద డిపాజిట్ అడుగుతాయి. లిమిట్ ఎక్కువున్న కార్డు ఒకటి ఖాళీగా ఉంచుకోండి. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు మొత్తం ఒకే అంకె ఉన్న బిల్లు తీసుకోవద్దు. ఒక్కో మందుకీ ఒక్కో పరీక్షకీ విడిగా రాసిన బిల్లు, డాక్టర్ రాసిన జబ్బు వివరం, కట్టిన రసీదు, మూడూ కావాలి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ అంటే ఒకటే వస్తువు కాదు. ట్రిప్ రద్దు, ట్రిప్ మధ్యలో ఆగిపోవడం, ఆలస్యం, వైద్యం, రోగిని విమానంలో తరలించడం, దేనికి దానికి వేరే లిమిట్ ఉంటుంది. హోటల్ డబ్బు వెనక్కి వచ్చే రేటులో తీసుకుంటే మూడు రోజుల ట్రిప్‌కి రద్దు భాగం మీకు పెద్దగా అక్కర్లేదు. వైద్యం, ఆలస్యం, ఈ రెండే మీకు ముఖ్యం.

ఆలస్యం భాగంలో రెండు మాటలు వెతకండి. ఒకటి, క్వారంటైన్ వల్ల ఆగిపోవడాన్ని కారణంగా రాశారా. కోవిడ్ ముందే తెలిసిన విషయం అంటూ పక్కన పెట్టిన పాలసీలు 2020 నుంచీ ఉన్నాయి. రెండు, మనిషికి రోజుకి ఎంత, మొత్తం మీద ఎంత. లెక్క వేసి చూడండి. రోజుకి 200 డాలర్ల గది రెండు తీసుకుంటే పది రోజులకి 4,000, తిండి అదనం. ఆగిపోయిన ఇద్దరికి మనిషికి రోజుకి 150 చొప్పున వచ్చినా 3,000 దాటదు.

పది రోజులు ఎందుకంటున్నానంటే, డిసెంబర్ 27న సీడీసీ ఐసొలేషన్‌ని ఐదు రోజులకి తగ్గించింది గానీ ప్రయాణానికి మాత్రం పూర్తి పది రోజులు ఆగమనే చెప్తోంది. ఐదు రోజులకే లెక్క కట్టుకుంటే డబ్బూ మందులూ రెండూ చాలవు. అమ్మగారి బీపీ, షుగర్ మాత్రలు కనీసం పదిహేను రోజులవి హ్యాండ్‌బ్యాగులో పెట్టండి.

ఇంటి కిట్ మీద రెండు గీతల ఫొటో పంపితే క్లెయిమ్ రాదు. డాక్టర్ పరీక్షించి, ప్రయాణం వద్దని తేదీలతో రాసి ఇవ్వాలి. రిసార్ట్ డాక్టర్ దగ్గర ఆ రోజే రాయించుకుని, అదే రోజు ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి కేసు నంబర్ తీసుకోండి.

కేసులు పెరుగుతున్నాయని భయపడి మానుకుంటే మామూలు పాలసీ పైసా ఇవ్వదు. ఏ కారణానికైనా రద్దు చేసుకోవచ్చనే పాలసీ విడిగా ఉంటుంది. సాధారణంగా మొదటి డబ్బు కట్టిన 14 నుంచి 21 రోజుల్లోపు కొనాలి, బయల్దేరడానికి 48 గంటల ముందే రద్దు చేయాలి, అప్పుడు కూడా 50 నుంచి 75 శాతమే వస్తుంది. అమ్మగారి పాత జబ్బులకి పాలసీ వర్తించదనే షరతు తీసేయించుకోవడానికీ ఇలాంటి గడువే ఉంటుంది. టికెట్ కొన్న వారంలోనే పాలసీ కొనమనేది అందుకే. ఆవిడకి ఇప్పుడున్న విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికాలో వైద్యానికి తీసుకున్నది. మెక్సికోలో పనిచేస్తుందో లేదో సర్టిఫికెట్‌లో చూడందే నమ్మకండి.

ఇర్వింగ్ నుంచి

చాలా థాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు. నేను అక్కడే ఆగిపోతే లాప్‌టాప్‌తో పని చేసుకోవచ్చా? వీసా వైపు నుంచి చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఫ్రిస్కో నుంచి

పని సంగతి వెళ్లేముందే హెచ్‌ఆర్‌ని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. కొన్ని కంపెనీలు లాప్‌టాప్ దేశం దాటనివ్వవు. ఒప్పుకోకపోతే పది రోజుల సెలవు చేతిలో ఉందో లేదో చూసుకోండి. పాపకి పాజిటివ్ వస్తే ఎవరు ఆగాలి, అమ్మగారు ఒక్కరే విమానం ఎక్కగలరా అనేది కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

మెక్సికోకి మీ నలుగురి పాస్‌పోర్టుల్లోనూ గడువున్న అమెరికా వీసా ఉంటే చాలు, వేరే వీసా అక్కర్లేదు. ఐ-797 (హెచ్‌1బీ ఆమోద పత్రం) కాపీ, పే స్లిప్పులు దగ్గరుంచుకోండి. తిరిగొచ్చిన రోజే ఐ-94 (అమెరికాలో ఏ తేదీ వరకు ఉండవచ్చో చెప్పే రికార్డు) డౌన్‌లోడ్ చేసి తేదీ చూడండి. పాస్‌పోర్ట్ గడువు దగ్గర్లో ఉంటే ఆ తేదీ వరకే ఇస్తారు, అది చూసుకోక స్టేటస్ పోగొట్టుకునేవాళ్లున్నారు. అమ్మగారికి ఈ ట్రిప్‌తో కొత్తగా ఆరు నెలలు దొరుకుతాయని లెక్కలో పెట్టుకోకండి. పాత గడువే ఉంచవచ్చు, కాబట్టి ఆవిడ ఇండియా టికెట్ పాత ఐ-94 తేదీకి లోపే ఉండనివ్వండి.